మిరపకాయది ఏ వూరు?

మియాపూర్‌లో అద్దె ఇంటి కోసం తిరిగిన రోజులవి. మెట్రో స్టేషన్‌కి నడిచిపోయేంత దూరంలో వొక అపార్ట్‌మెంటు. గేటుకి టు లెట్ బోర్డు. ఇంటాయన రిటైరైన పెద్దమనిషి, గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవారు. మమ్మల్నిద్దర్నీ మర్యాదగానే కూర్చోబెట్టారు. వాళ్ళావిడ టీతో పాటు వేయించిన పల్లీలు తెచ్చి పెట్టారు. గుమ్మానికి దసరా నాటి బంతిపూల తోరణం ఎండి వేలాడుతోంది. బాల్కనీలో పాతచీర మీద మిరపకాయలు ఆరబోసి వున్నాయి. అద్దె కుదిరింది. అడ్వాన్సు కుదిరింది. అప్పుడు పేర్లడిగారు. చెప్పాం.

'తెలుగు భలే మాట్లాడుతున్నారండీ!' అన్నారాయన.

ఈ మెప్పు మాకు కొత్త కాదు. బడిలో వేమన పద్యం అప్పజెప్పిన రోజు నుంచీ వింటున్నాం. తెలుగువాణ్ణి పట్టుకుని తెలుగు బాగా మాట్లాడుతున్నావని మెచ్చుకోవడం ఎంత అవమానమో మెచ్చుకునేవాళ్ళకు తెలియదు. తెలిస్తే చాలామంది అనరు కూడా. ఆ తర్వాత అసలు ప్రశ్న వచ్చింది.

'మీదెక్కడ?'

'నల్గొండండీ.'

'అది కాదు, అంతకుముందు?'

'అంతకుముందూ నల్గొండేనండీ. మా తాతలు అక్కడివాళ్ళే.'

'అది కాదండీ... మొదట, మొట్టమొదట మీవాళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చారని.'

మా దగ్గర జవాబు లేదు. ఆయన దగ్గర వుంది. మేం అరేబియా నుంచో తుర్కీ నుంచో వచ్చినవాళ్ళమన్న సంగతి మాకు తెలియకపోయినా ఆయనకు తెలుసు. 'నాకేం అభ్యంతరం లేదండీ. మా అబ్బాయి అమెరికాలో వుంటాడు. వాడికి మీవాళ్ళలో బోలెడంతమంది ఫ్రెండ్సు. అసోసియేషన్ వాళ్ళే వొప్పుకోరు' అన్నారు. లేచి వచ్చేశాం. మెట్లు దిగుతుంటే తట్టింది. ఈ వూరి పేరు మియాపూర్. మియా పేరున్న వూళ్ళో మియాకి ఇల్లు లేదు!

మేం ఆ పెద్దమనిషి మీద కోపంతో ఇది రాయడం లేదు. ఆయన అడిగిన ప్రశ్న మీద రాస్తున్నాం. ఎందుకంటే ఆ ప్రశ్న ఆయనది కాదు. దానికి అయిదు వందల ఏళ్ళ చరిత్ర వుంది. అది ఓడలెక్కి సముద్రాలు దాటిన ప్రశ్న.

ముందుగా ఆ ఇంటినే తీసుకుందాం. ఆ గదిలో 'మీదెక్కడ' అన్న ప్రశ్న మమ్మల్ని తప్ప ఇంకెవర్నీ అడగలేదు. అడిగివుంటే గుమ్మానికున్న బంతిపువ్వు మెక్సికో అని చెప్పేది. పళ్ళెంలో పల్లీ దక్షిణ అమెరికా అని చెప్పేది. బాల్కనీలో ఎండుతున్న మిరపకాయ కూడా అటువైపుదే. మిరపను మొదట సాగుచేసింది మెక్సికో ఆదివాసులు. కొలంబస్ 1492లో కరేబియన్ దీవుల్లో దాన్ని చూసి మిరియమే అనుకున్నాడు. ఆ తర్వాత పోర్చుగీసు ఓడలు దాన్ని మన పడమటి తీరానికి మోసుకొచ్చాయి. మనవాళ్ళు కూడా మిరియాన్ని తలచుకునే దానికి మిరప అని పేరు పెట్టుకున్నారు. అంటే తాళ్ళపాక అన్నమయ్య జీవితమంతా మిరపకాయ రుచి చూడకుండానే 1503లో వెళ్ళిపోయాడు. శ్రీనాథుడు పల్నాటి జొన్నకూటి మీద విసుక్కున్నాడని చెప్పుకుంటారు. పాపం, ఆ కూట్లో నంజుకోవడానికి ఆయనకు మిరపకారమైనా దొరకలేదు. ఇవాళ అదే పల్నాడు, అదే గుంటూరు మిరపకు దేశంలోనే పేరుమోసిన చోటు. గుంటూరు సన్నం మిర్చికి ప్రభుత్వం జీఐ గుర్తింపు కూడా ఇచ్చింది. ఇది ఈ నేలదే అని కాయితం రాసిచ్చింది. మెక్సికో కాయకు గుంటూరు చిరునామా రాసిచ్చినందుకు మాకు సంతోషమే. కాయితం కోసం ఎవరూ దాని తాతల పేర్లు అడగలేదు.

ఇంకా వున్నాయి. మొక్కజొన్న, ఆలుగడ్డ, టమాట, పొగాకు, బొప్పాయి, జామ, అనాస, జీడిమామిడి. అన్నీ అట్లాంటిక్ ఆవలివే. బ్రెజిల్ నుంచి వచ్చిన జీడిపప్పు తిరుపతి లడ్డూలో చేరింది. కోస్తా జిల్లాల్లో టమాటని రామములక్కాయ అన్నారు. హైదరాబాద్ చుట్టూ గుట్టల మీద కాసే పండుకి సీతాఫలమని పేరు పెట్టుకున్నాం, దాని తమ్ముడు రామాఫలం. అమెరికా పండ్లకు సీతారాముల పేర్లు! ఎవరూ వాటికి శుద్ధి చేయలేదు, ఘర్ వాపసీ చేయలేదు. మా ఇళ్ళలోనూ అంతే. మిర్చీ కా సాలన్, టమాటే కా కట్, పల్లీల ముద్దతో వండే బగారా బైంగన్. వీటిని నవాబుల కాలం నాటి అసలు సిసలు హైదరాబాదీ వంటలని మేమూ గొప్పలు పోతాం. దస్తర్‌ఖాన్ మీద వున్నదాంట్లో సగం ఓడ దిగివచ్చిందే.

ఒక్కరోజు మాత్రం గుర్తొస్తుంది. ఆచారం పాటించే బ్రాహ్మణ ఇళ్ళలో తద్దినం వంటలో మిరపకాయ వేయరు. మిరియమే వేస్తారు. పితరులకు తెలియని కాయ అది. పూరీ జగన్నాథుడి మహాప్రసాదంలోకి ఆలుగడ్డ, టమాట ఇప్పటికీ రావు. అంటే ఈ సమాజానికి ఏది ఎప్పుడొచ్చిందో తెలియక కాదు. తెలుసు. ఏడాదికొకసారి గుర్తు చేసుకుని, మర్నాడు మళ్ళీ ఆవకాయ కలుపుకుంటుంది. కాయ విషయంలో చూపించే ఈ పెద్దమనసు మనుషుల విషయంలో ఏమైపోతుంది?

తేదీలే కొలమానమైతే తేదీలే చూద్దాం. వరంగల్ మీదికి మాలిక్ కాఫర్ సేనలు వచ్చింది 1309-10లో. కాకతీయ రాజ్యం కూలింది 1323లో. బహమనీ రాజ్యం 1347, గోల్కొండ 1518. కత్తులతో వచ్చిన మాట నిజమే. కోట కూల్చిన మాట నిజమే. దాన్ని దాచడం మాకు అక్కర్లేదు. ఏ రాజు ఏ కోటను పూలతో గెలిచాడు కనక! కానీ ఆ లెక్కన చూసినా తెలుగునేల మీద ముస్లిం బతుకు మిరపకాయ కంటే రెండు వందల ఏళ్ళు పాతది. ఇక మాలో ఎక్కువమంది ఏ సైన్యంతోనూ రాలేదు. ఇక్కడే పుట్టి, ఇక్కడి కులాల్లోంచే మతం మారినవాళ్ళం. ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకులవాళ్ళు ఏ ఓడ దిగారు? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2007లో బీసీ-ఇ జాబితా తయారు చేసినప్పుడు అందులో ఎవరున్నారో చూడండి. అత్తరు సాయిబులు, గారడీ సాయిబులు, ఎలుగుబంట్లను ఆడించేవాళ్ళు, రాళ్ళు కొట్టే తురక కాశలు, తిరగళ్ళకు గంట్లు పెట్టేవాళ్ళు, రోళ్ళకు కక్కు కొట్టేవాళ్ళు. అయ్యా, మీ అమ్మమ్మ రోట్లో ఎర్రగా కారం దంచేముందు ఆ రోలుకు కక్కు కొట్టి ఇచ్చింది మా సాయిబు. రోట్లో కారం మీదైంది. రోలు మీదైంది. కక్కు కొట్టినవాడు మాత్రం అరేబియావాడయ్యాడు!

*

ఇప్పుడు ఆ ప్రశ్న పుట్టిన చోటికి వెళదాం.

1492 అనగానే బడిపుస్తకాలు కొలంబస్ పేరు చెబుతాయి. అదే ఏడాది జనవరి 2న స్పెయిన్‌లో చివరి ముస్లిం రాజ్యం గ్రనడా లొంగిపోయిందని చెప్పవు. మార్చి 31న యూదులందరూ మతం మారాలి లేదా దేశం విడిచిపోవాలని ఫర్మానా వచ్చిందని చెప్పవు. కొలంబస్ ఓడలు ఆగస్టులో బయల్దేరాయి. ఒకే రాజు, ఒకే రాణి, ఒకే సంవత్సరం. ఇంట్లోవాళ్ళను పరాయివాళ్ళని వెళ్ళగొట్టడమూ, పరాయి నేలను సొంతమని ఆక్రమించడమూ ఒక్క చేత్తోనే జరిగాయి. మనం ఈ రెండింటినీ విడదీసి చదువుకుంటున్నాం కనకనే దీన్ని 'కొత్త ప్రపంచం కనుగొనుట' అంటున్నాం.

ఆ ఓడలో లూయిస్ దె టోరెస్ అనే దుబాసీ వున్నాడు. పుట్టుకతో యూదు. ఓడెక్కేముందే బాప్టిజం తీసుకున్నాడు. అతనికి హీబ్రూతో పాటు అరబ్బీ తెలుసు. తూర్పుదేశాల పాదుషాలతో మాట్లాడాలంటే అరబ్బీ కావాలి కదా అని కొలంబస్ వెంట తీసుకెళ్ళాడు. 1492 నవంబరులో క్యూబా లోపలికి ఇంకొకణ్ణి తోడిచ్చి రాయబారం పంపాడు. అక్కడ పాదుషా లేడు. ఆకులు చుట్టి పొగ తాగుతున్న జనం వున్నారు. పొగాకుని యూరపువాళ్ళు అలా చూశారు. తన దేశంలో తన మతంతో బతికే హక్కు లేని మనిషి, తన దేశం వెలివేసిన భాషతో కొత్త ఖండం గుమ్మం ముందు నిలబడ్డాడు. ఆ పొగాకు నూటపది ఏళ్ళు తిరక్కుండానే బీజాపూర్ చేరింది. అక్కణ్ణుంచి అసద్ బేగ్ అనే ఉద్యోగి దాన్ని అక్బర్ దర్బారుకు తీసుకెళ్ళి చూపించాడు. 1617లో జహంగీర్ దాన్ని నిషేధించాడు. నిషేధం నిలవలేదు. ఇవాళ నిజామాబాద్, కరీంనగర్ జిల్లాల్లో మా ఖాలాలు, మీ పద్మశాలి అక్కలు చాటల్లో అదే పొగాకు పోసుకుని బీడీలు చుడుతున్నారు. క్యూబాలో మొదలైన కథ వాళ్ళ దగ్గులో ముగుస్తోంది.

గ్రనడా ముస్లిములకేమైంది? లొంగిపోయేటప్పుడు మీ మతం, మీ మసీదులు, మీ న్యాయం మీకే అని వొప్పందం రాసిచ్చారు. పదేళ్ళు నిలవలేదు. 1502కల్లా కాస్టిల్ రాజ్యంలో వున్నవాళ్ళు బాప్టిజం తీసుకోవాలి లేదా పోవాలి. మారారు. పేర్లు మార్చుకున్నారు. చర్చికి వెళ్ళారు. అయినా వాళ్ళకు మొరిస్కోలు అని వేరే పేరు పెట్టారు. శుక్రవారం స్నానం చేసి మంచి బట్టలు కట్టుకున్నాడా, పంది మాంసం వద్దన్నాడా అని పొరుగువాడే కనిపెట్టి చెప్పేవాడు. 1567లో రాజుగారి ఉత్తర్వు వచ్చింది. అరబ్బీ మాట్లాడకూడదు, చదవకూడదు. పాత వేషం వేయకూడదు. ఆడవాళ్ళు ముసుగు వేయకూడదు. శుక్రవారాలు ఇంటి తలుపులు తెరిచే వుంచాలి, లోపలేం చేస్తున్నారో కనబడాలి. చివరికి 1609 నుంచి 1614 వరకు దాదాపు 3 లక్షల మందిని ఓడలెక్కించి వెళ్ళగొట్టారు. అప్పటికి వాళ్ళు కాగితాల మీద క్రైస్తవులై వందేళ్ళు. చాలామంది నోట స్పానిషే. ఏం మారినా ఏం లాభం? వాళ్ళను అడిగింది 'నువ్వేం నమ్ముతావు' అని కాదు. 'నీ రక్తం ఎక్కడిది' అని. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు రక్తశుద్ధి.

ముఖ్యస్రవంతిలో కలవండి అని మాకు ఉపదేశించే పెద్దలు ఈ చరిత్ర వొకసారి చదవాలి. కలిశారు. కలిసి కూడా వెళ్ళగొట్టబడ్డారు. మిరపకాయను దిగుమతి చేసుకున్న ఆ స్పెయిన్, పొలం దున్నుతున్న మనుషుల్ని ఎగుమతి చేసింది. వాలెన్సియాలో సాగుచేసే చేతులు లేక వూళ్ళకు వూళ్ళే పాడుబడ్డాయి.

*

అటు అమెరికాలో ఏం జరిగిందో కూడా చెప్పుకోవాలి. లేకపోతే ఇదంతా వంటల కథగా మిగిలిపోతుంది. మనకు మిరపను, మక్కను ఇచ్చిన ఆ జనం మశూచికి, కత్తికి, వెట్టికి బలైపోయారు. మెక్సికో జనాభా వందేళ్ళలో దాదాపు పదోవంతుకి పడిపోయిందని చాలామంది చరిత్రకారుల అంచనా. ఖాళీ అయిన ఆ చేతుల స్థానంలో ఆఫ్రికా నుంచి మనుషుల్ని తెచ్చారు. దాదాపు 1 కోటీ 25 లక్షల మందిని ఓడలెక్కించారు. అందులో 18 లక్షల మంది దాకా దారిలోనే పోయారు. ఆ బానిసల్లో మావాళ్ళూ వున్నారు. సెనెగల్ ప్రాంతంలో చదువుకున్న ఉమర్ ఇబ్న్ సయీద్‌ని 1807లో పట్టి అమెరికాలో అమ్మారు. అతను 1831లో తన జీవితాన్ని అరబ్బీలో రాసుకున్నాడు. ఆ కాగితాలు ఇప్పుడు అమెరికా పార్లమెంటు గ్రంథాలయంలో వున్నాయి. 1835 జనవరిలో బ్రెజిల్‌లోని బయ్యా పట్టణంలో తిరుగుబాటు చేసిన బానిసలు ఎక్కువమంది ముస్లిములే. అమెరికాకు ముస్లిములు నిన్నమొన్న వీసా మీద వెళ్ళారనుకునేవాళ్ళు ఈ మాట గుర్తుంచుకోవాలి.

మరి ఇందులో తెలుగువాళ్ళకు సంబంధం లేదా? వుంది. డచ్చివాళ్ళు 1606లో, ఇంగ్లీషువాళ్ళు 1611లో మచిలీపట్నంలో దుకాణం తెరిచారు. అది గోల్కొండ సుల్తానుల రేవు. వాళ్ళకు కావలసింది మన నేతబట్ట, మన కలంకారీ అద్దకం. మనకిచ్చేందుకు వాళ్ళ దగ్గర సరుకు లేదు. వెండి ఇచ్చారు. ఆ వెండి ఎక్కడిది? 1545లో బయటపడ్డ పొటోసి కొండది. ఇప్పటి బొలీవియాలో ఆ కొండలో వెట్టికి దిగిన ఆదివాసుల ప్రాణాలది. మనం నేసిన బట్ట ఎక్కడికి పోయింది? కొంత ఆగ్నేయాసియాకు, కొంత యూరపుకు. కొంత పశ్చిమాఫ్రికా తీరానికి. కోరమాండల్ నీలిబట్టకు అక్కడ మనుషుల్ని కొనేవాళ్ళు. దానికి గినీ గుడ్డ అని పేరు కూడా వుంది. మన తీరపు సాలెల చేతిపని అక్కడ మనిషి ధరగా మారింది. సాలెకు ఆ సంగతి తెలియదు. మధ్యలో లాభం తిన్న కంపెనీకి తెలుసు. సుంకం తీసుకున్న సుల్తానులకు ఎంత పట్టింది? గోల్కొండ సుల్తానులు ముస్లిములు కనక వాళ్ళను మేం వెనకేసుకు రావాలా? అక్కర్లేదు. రాజుల పాపం రాజులదే. కక్కు కొట్టే సాయిబుకి గోల్కొండ వజ్రంలో వాటా రాలేదు. నిందలో మాత్రం వాటా ఎందుకు?

సముద్రం మీద వచ్చినవాణ్ణి ఎట్లా చూడాలో ఈ తీరానికి ఇంకొక పాఠం కూడా తెలుసు. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో శాసనం వేయించాడు. అంతకుముందు రాజులు తుఫానుకి దెబ్బతిని వొడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకు లాక్కునేవాళ్ళు. తాను లాక్కోనని, నియమించిన సుంకం తప్ప ఏమీ తీసుకోనని, ఏ దేశపు వర్తకుడైనా భయం లేకుండా రావచ్చని ఆయన రాయించాడు. దానికి అభయ శాసనమని పేరు. ఎక్కణ్ణుంచి వచ్చావని అడిగి తరమడం కాదు, ఎక్కణ్ణుంచి వచ్చినా అభయమివ్వడం. ఇది తెలుగు రాజు మాట. దానికి రెండు వందల యాభై ఏళ్ళ తర్వాత వాస్కో డ గామా వచ్చాడు. రెండో ప్రయాణంలో, 1502లో, మక్కా నుంచి తిరిగొస్తున్న యాత్రికుల ఓడను ఆడవాళ్ళు, పిల్లలతో సహా తగలబెట్టాడు. ఆ తర్వాత పోర్చుగీసువాళ్ళు సముద్రానికే చీటీ పెట్టారు. కార్తాజ్ అనే ఆ చీటీ లేని ఓడను పట్టుకునేవాళ్ళు. మన సముద్రంలో మనం తిరగడానికి వాళ్ళ అనుమతి! దాని మీద ఏసు, మేరీ బొమ్మలుండేవి. ఆ చీటీ పట్టుకుని హజ్‌కి పోవడం ధర్మమేనా అని అక్బర్ కాలపు ఉలేమాలు వాదించుకోవలసి వచ్చింది. అభయ శాసనమూ, కార్తాజూ. రెండూ కాయితాలే. రెండిట్లో మనం దేనికి వారసులం?

ఈ ప్రశ్న ఇవాళ్టిది. 2019 ఆగస్టు 31న అస్సాంలో పౌరుల జాబితా ప్రకటించి 19 లక్షల మందిని బయట పెట్టారు. వాళ్ళలో అన్ని మతాలవాళ్ళూ వున్నారు. అదే ఏడాది డిసెంబరులో వచ్చిన పౌరసత్వ సవరణ చట్టం పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్ఘనిస్తాన్‌ల నుంచి వచ్చినవాళ్ళలో ఆరు మతాల పేర్లు రాసి, మా పేరు వదిలేసింది. మియా అంటే ఉర్దూలో అయ్యగారు అని. అస్సాంలో ఇప్పుడది తిట్టు. పరాయివాడా, చొరబాటుదారుడా అని దాని అర్థం. మియాపూర్ బోర్డు చూసినప్పుడల్లా మాకు ఆ తిట్టు గుర్తొస్తుంది.

*

మియాపూర్ నుంచి బొంబాయి రోడ్డు మీద ముందుకు పోతే పటాన్‌చెరు దగ్గర ఇక్రిశాట్ వస్తుంది. 1972లో పెట్టారు. అక్కడి విత్తనాల కోశాగారంలో పదిహేను వేలకు పైగా వేరుశనగ రకాల్ని చల్లగా, జాగ్రత్తగా దాచారు. ఎన్నో దేశాలవి. ప్రతి విత్తనానికి అది ఏ దేశంలో, ఏ వూళ్ళో దొరికిందో రాసిపెట్టుకుంటారు. ఆ వివరాలకు శాస్త్రవేత్తలు పెట్టుకున్న పేరు పాస్‌పోర్టు డేటా! విత్తనానికీ పాస్‌పోర్టు అడుగుతారు. కానీ దేనికి? రేపు అనంతపురం చేను ఎండిపోతే ఏ దేశపు రకం తట్టుకుంటుందో వెతకడానికి. బతికించుకోవడానికి అడుగుతారు. మమ్మల్ని అడిగేది బయటికి పంపడానికి. ఒకే ప్రశ్న, రెండు ఉద్దేశాలు.

ఇక్కడొక మాట జాగ్రత్తగా చెప్పాలి. సెక్యులర్ మిత్రులు ఈ వ్యాసం చదివి సంతోషిస్తారని మాకు తెలుసు. ఎంత చక్కగా చెప్పారండీ, మిర్చి కూడా పరాయిదే కదా, మనందరం గంగా జమునల్లా కలిసిపోయాం కదా, హలీం ఎప్పుడు తినిపిస్తారు అంటారు. మిత్రులారా, మేం మిరపకాయ కాదు. రుచిగా వున్నాం కనక వుండనివ్వండి అని అడగడం లేదు. మిరపకు చోటు దొరికింది దాని రుచి వల్ల, దానికి నోరు లేకపోవడం వల్ల. అది ఇల్లు అద్దెకడగదు. బడిలో సీటడగదు. నమాజు చేయదు. మనిషి హక్కుకి రుచి పరీక్ష వుండకూడదు. ఏ పనికీ రాని ముస్లిముకి కూడా, కూర వండటం రాని ముస్లిముకి కూడా ఈ దేశంలో ఇల్లు దొరకాలి. మా బిర్యానీని ప్రేమించి మమ్మల్ని పక్కింట్లో వుండనివ్వని ప్రేమ, మెక్సికో మిరపను తీసుకుని మెక్సికో మనిషిని చంపిన ప్రేమ లాంటిదే.

మావాళ్ళకూ ఒక మాట చెప్పాలి. మాలో సయ్యదులం, షేకులం, పఠానులమని, మా తాత బాగ్దాద్ నుంచి, మా ముత్తాత బుఖారా నుంచి వచ్చాడని షజరాలు తీసి చూపించేవాళ్ళున్నారు. దూదేకులవాడికి పిల్లనివ్వరు. తెలుగు మాట్లాడే ముస్లిముని సగం ముస్లిమనుకుంటారు. ఏసీ గార్డ్స్ అన్న బస్తీ పేరు నిజాం కొలువులో వున్న ఆఫ్రికన్ అశ్వదళం నుంచి వచ్చింది. ఆ సిద్దీల పిల్లల్ని హబ్షీ అని ఎగతాళి చేసిన నోళ్ళు మా ఇళ్ళలోనూ వున్నాయి. ఇది రక్తశుద్ధి కాక మరేమిటి? పరాయి రక్తమని మీరు గొప్పలు పోతే, పరాయి రక్తమేనని వాళ్ళు తరుముతారు. తిట్టేవాడికి రాయి అందించేది మనమే. మొట్టమొదట ఎక్కణ్ణుంచి అన్న ప్రశ్నని బయటివాళ్ళు అడగకముందే మనం లోపల అడగడం మానేయాలి.

ఇక ఆ పెద్దమనిషి దగ్గరికి. ఆయన కొడుకు అట్లాంటిక్ దాటాడు. సైబరాబాద్ అంతా ఆ దారిలోనే బతుకుతోంది. 1998లో సైబర్ టవర్స్ తెరిచిన నాటి నుంచీ మాదాపూర్, కొండాపూర్, మియాపూర్ ఇళ్ళ అద్దెలు డాలరుతో పాటే లేస్తూ వచ్చాయి. అటుపోయిన పిల్లల్ని కూడా అక్కడ ఎవరో అడుగుతారు. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రం ఓలేత్ పట్టణంలో ఒక బారులో ఇద్దరు తెలుగు ఇంజనీర్లను ఒక తెల్లవాడు అడిగాడు. మీరెక్కడివాళ్ళు, ఏ వీసా మీద వున్నారు అని. బయటికి గెంటిస్తే తుపాకీ తెచ్చుకుని వచ్చాడు. నా దేశం నుంచి పొండని అరుస్తూ కాల్చాడు. హైదరాబాద్ నుంచి వెళ్ళిన యువకుడు చనిపోయాడు. రెండో అతను గాయపడ్డాడు. అడ్డుపడ్డ ఒక అమెరికన్ కూడా తూటా తిన్నాడు. కాల్చినవాడు వాళ్ళను ఇరానీలనుకున్నాడు. అంటే ముస్లిములనుకున్నాడు. మియాపూర్‌లో మమ్మల్ని అడిగిన ప్రశ్న సముద్రం దాటి ఒక హిందూ తెలుగు పిల్లవాడి గుండెలో దిగింది. ఆ వార్త వచ్చిన రాత్రి మేమూ ఏడ్చాం. అప్పుడు మమ్మల్ని మీదెక్కడ అని ఎవరూ అడగలేదు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తుకి లక్ష డాలర్ల రుసుమని అక్కడి ప్రభుత్వం ప్రకటించినప్పుడు ఈ అపార్ట్‌మెంట్లలో ఎందరు తల్లిదండ్రులు నిద్రపోలేదో మాకు తెలుసు. ఆ భయం మాకు పరిచయమే. మేం పుట్టినచోటే దానితో బతుకుతున్నాం.

అందుకే అడుగుతున్నాం. మీ పిల్లలకు అక్కడ దొరకాలని మీరు కోరుకునే న్యాయాన్ని ఇక్కడ మాకెందుకు ఇవ్వరు? గ్రీన్‌కార్డు కోసం పదేళ్ళు ఎదురుచూసే కొడుకు అక్కడ అమెరికన్ కావచ్చు కానీ, ఏడు వందల ఏళ్ళుగా ఈ మట్టిలో తాతల్ని పూడ్చుకుంటున్న మేం ఇక్కడివాళ్ళం కాకూడదా? గణపతిదేవుడి శాసనం మీదా, మాదా?

మాకు చివరికి ఇల్లు దొరికింది. ఇంకో వీధిలో. ఆ ఇంటామె పేర్లు విన్నారు, నీళ్ళ మోటారు ఎప్పుడు వేయాలో చెప్పారు, తాళంచెవి ఇచ్చారు. అంతే. అభయ శాసనానికి అంతకంటే ఎక్కువ అక్షరాలు అక్కర్లేదు.

మీదెక్కడ అని ఇంకెవరైనా అడుగుతారు. అడగనివ్వండి. నల్గొండ అని చెబుతాం. అంతకుముందు అంటే, అంతకుముందూ నల్గొండే. మొట్టమొదట అంటే మాత్రం, ముందు మీ మిరపకాయను అడిగి రమ్మంటాం.